60 వేల సీట్లు నిండినా క్లబ్బుకి మిగిలేదెంత? స్టేడియం ఒప్పందాల అసలు లెక్క

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "లండన్ ఫుట్‌బాల్ క్లబ్బు వెస్ట్ హామ్‌కి 62 వేల సీట్ల స్టేడియం దాదాపు ఊరికే వచ్చిందంటారు. ప్రతి మ్యాచ్‌కీ నిండుతోంది. అదే లండన్‌లో దాదాపు అన్నే సీట్లున్న టాటెన్‌హామ్, ఆర్సెనల్ మ్యాచ్‌డే ఆదాయం (మ్యాచ్ రోజు స్టేడియంలో వచ్చే డబ్బు) మాత్రం రెండు మూడు రెట్లు ఎక్కువ. ఎందుకు? అసలు టీవీ డబ్బు ఇంత వస్తున్నప్పుడు జనం ఎంతమంది వచ్చారన్నది లెక్కలోకి వస్తుందా?"

ముందు సూటిగా జవాబు. జనం సంఖ్య ముఖ్యమే, కానీ ఆదాయాన్ని తేల్చేది అదొక్కటే కాదు. వచ్చిన ఒక్కో మనిషి స్టేడియంలో ఖర్చుపెట్టే డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్తుందో ఒప్పందంలో రాసి ఉంటుంది. తేడా అంతా అక్కడే. వెస్ట్ హామ్ అద్దె తక్కువ, నిజమే. కానీ టికెట్టు కాకుండా స్టేడియంలో పుట్టే మిగతా ఆదాయంలో చాలా భాగం ఆ క్లబ్బుది కాదు. టీవీ సంగతి విడిగా చెబుతాను, ఎందుకంటే అది ఏ లీగ్ అన్నదాన్ని బట్టి మారిపోతుంది.

నేను ఇంగ్లాండ్‌లో ఒక రెండో డివిజన్ క్లబ్బులో చాలా ఏళ్లు మ్యాచ్‌డే లెక్కలు చూశాను. ఇప్పుడు క్లబ్బుల తరఫున క్యాటరింగ్, టికెటింగ్ ఒప్పందాలు చదివి సలహా ఇచ్చే పనిలో ఉన్నాను. కాబట్టి ఇది కొంచెం పొడుగ్గానే వస్తుంది.

వెస్ట్ హామ్ లెక్క

2012 ఒలింపిక్స్ కోసం కట్టిన స్టేడియాన్ని ఫుట్‌బాల్‌కి అనువుగా మార్చడానికి మొత్తం 32.3 కోట్ల పౌండ్లు ఖర్చయింది. అందులో వెస్ట్ హామ్ పెట్టింది 1.5 కోట్లు. 2016లో 99 ఏళ్ల లీజు మీద అక్కడికి మారింది. మొదటి అద్దె ఏడాదికి 25 లక్షల పౌండ్లు, ధరల పెరుగుదలను బట్టి పెరుగుతుంది. క్లబ్బు కింది డివిజన్‌కి పడిపోతే అద్దె సగం అవుతుంది. మ్యాచ్ రోజు స్టూవార్డుల (స్టాండ్లలో జనాన్ని అదుపులో పెట్టే సిబ్బంది) ఖర్చు, నిర్వహణ ఖర్చు చాలావరకు స్టేడియం యాజమాన్యమే భరించాలి. బయటినుంచి చూస్తే ఇంతకంటే మంచి ఒప్పందం ఏ క్లబ్బుకీ దొరకదనిపిస్తుంది. లండన్ ప్రజల డబ్బు వృథా అవుతోందని గొడవ జరిగి, 2017లో మేయర్ కార్యాలయం స్టేడియాన్ని నేరుగా తన చేతుల్లోకి తీసుకుంది.

మన దగ్గర కొన్ని కల్యాణమండపాలు ఉంటాయి చూడండి, హాలు అద్దె చాలా తక్కువ, కానీ వంటవాళ్లు, డెకరేషన్ అన్నీ వాళ్లవే తీసుకోవాలంటారు. వెస్ట్ హామ్ పరిస్థితి సుమారుగా అదే. తిండి, పానీయాల అమ్మకంలో పెద్ద వాటా క్లబ్బుది కాదు. స్టేడియం పేరు అమ్మితే వచ్చే డబ్బు పూర్తిగా క్లబ్బుది కాదు. వేసవిలో కచేరీలు, అథ్లెటిక్స్, బేస్‌బాల్ జరిగితే వచ్చే ఆదాయమూ క్లబ్బుది కాదు. క్లబ్బుకి ప్రధానంగా మిగిలేది టికెట్లు, హాస్పిటాలిటీలో (భోజనం, మర్యాదలతో కలిపి అమ్మే ఖరీదైన సీట్లు) తన వంతు.

దానికితోడు టికెట్ ధర. పాత మైదానం అప్టన్ పార్క్‌లో సుమారు 35 వేల సీట్లు. ఒక్కసారిగా అప్పట్లో 57 వేల సీట్లున్న చోటుకి వెళ్లినప్పుడు నింపాలి కదా. అందుకే 2016-17లో పెద్దవాళ్ల సీజన్ టికెట్ 289 పౌండ్ల నుంచి మొదలుపెట్టారు. స్టాండ్ నిండింది, అభిమానులకి మేలు జరిగింది, దానికి నాకు సంతోషమే. కానీ ఒక్కో సీటుకి వచ్చే సగటు తగ్గింది. పైగా అది అథ్లెటిక్స్ కోసం కట్టిన కట్టడం. పిచ్‌కి దూరంగా ఉన్న సీటుకి దగ్గరి సీటు ధర పెట్టలేం.

ఒకే సీజన్ తీసుకుని పోల్చండి. 2022-23లో టాటెన్‌హామ్ మ్యాచ్‌డే ఆదాయం 11.76 కోట్ల పౌండ్లు, ఆర్సెనల్‌ది 10.26 కోట్లు. వెస్ట్ హామ్ ఆ ఏడాది యూరోపా కాన్ఫరెన్స్ లీగ్ గెలిచింది, సొంతగడ్డ మీద యూరప్ మ్యాచ్‌లూ ఆడింది, లీగ్‌లో సగటు హాజరు 62 వేలు దాటింది. అయినా మ్యాచ్‌డే ఆదాయం సుమారు 4 కోట్ల దగ్గరే ఆగింది.

సీట్లు పెరిగినంతే ఆదాయం పెరుగుతుందనుకోకండి

ఆర్సెనల్ హైబరీలో 38 వేల పైచిలుకు సీట్లుండేవి. 2006లో ఎమిరేట్స్‌కి మారితే 60 వేలు దాటాయి. అంటే సీట్లు ఒకటిన్నర రెట్లకు కాస్త పైన. మ్యాచ్‌డే ఆదాయం మాత్రం 4.41 కోట్ల నుంచి 9.06 కోట్లకు, ఒక్క ఏడాదిలో రెట్టింపు దాటింది. ఆ అదనం మామూలు సీట్ల నుంచి రాలేదు. మధ్య అంతస్తులో సుమారు 7 వేల క్లబ్ సీట్లు (ఖరీదైన సీట్లు), 150 బాక్సులు (విడి గదులు) పెట్టారు. ఒక బాక్సు కొనే కంపెనీ ఇచ్చే డబ్బు, పై వరసలో కూర్చునే ఒక అభిమాని ఇచ్చే డబ్బు ఒకే తూకంలో వేసేవి కావు.

ఇంకా స్పష్టమైన ఉదాహరణ ఇటలీ క్లబ్బు యువెంటస్. అది ముందు ఆడిన డెల్లె ఆల్పి స్టేడియంలో సీట్లు 67 వేలకు పైనే. చుట్టూ రన్నింగ్ ట్రాక్, పిచ్ ఎక్కడో దూరంగా. 2001-02లో ఒక ఇటలీ కప్పు మ్యాచ్‌కి అందులో 237 మంది వచ్చారు. దాన్ని పడగొట్టి అదే చోట 41 వేల సీట్లతో సొంత స్టేడియం కట్టి 2011లో తెరిచారు. సీట్లు తగ్గాయి, మ్యాచ్‌డే ఆదాయం మొదటి ఏడాదే దాదాపు మూడు రెట్లయింది. సీట్లు తక్కువైతే టికెట్ ముందే కొనాలన్న తొందర పుడుతుంది, సీజన్ టికెట్లు అమ్ముడుపోతాయి, ధర నిలబడుతుంది. నిండని పెద్ద స్టేడియంలో ఎవడూ ముందుగా కొనడు.

గేటు దగ్గర లెక్క వేరు, పేపర్లో వచ్చే లెక్క వేరు

ఇక్కడ నా పని అనుభవం చెబుతాను, ఎందుకంటే బయటి లెక్కల్లో ఇది కనబడదు.

ఇంగ్లాండ్‌లో ప్రకటించే హాజరు చాలాచోట్ల అమ్మిన టికెట్ల సంఖ్య. సీజన్ టికెట్ ఉండి రానివాళ్లు కూడా అందులో ఉంటారు. మా క్లబ్బులో వాన పడే మంగళవారం రాత్రి మ్యాచ్ అయితే ప్రకటించిన సంఖ్యకీ, గేటు దగ్గర స్కాన్ అయిన సంఖ్యకీ పెద్ద తేడా వచ్చేది. టికెట్ డబ్బు అప్పటికే వచ్చేసింది, నిజమే. కానీ ఆ ఖాళీ సీటు మన పఫ్ లాంటి 'పై' కొనదు, బీరు తాగదు, ప్రోగ్రామ్ పుస్తకం కొనదు. అందుకే నేను మొదట చూసే అంకె స్కాన్ సంఖ్యే.

తర్వాత వ్యాట్. అక్కడ టికెట్ మీద వ్యాట్ 20 శాతం, అది టికెట్ ధరలోనే కలిసి ఉంటుంది. మీరు 30 పౌండ్లు పెట్టి కొన్న టికెట్‌లో క్లబ్బుకి చేరేది 25. అందులోంచి స్టూవార్డులు, స్టేడియంలో పెట్టిన పోలీసులకి కట్టాల్సిన చార్జీ, కార్డు కమీషన్, వైద్య సిబ్బంది. స్టాండ్ సగం నిండినా ఈ ఖర్చులు సగానికి తగ్గవు. అందుకే చివరి 5 వేల మంది మొదటి 5 వేల మందికంటే ఎక్కువ లాభం తెస్తారు.

ఇక తిండి, పానీయాలు. పిచ్ కనబడే చోట మద్యం తాగకూడదని అక్కడ 1985 నాటి చట్టం ఉంది. కాబట్టి అమ్మకమంతా స్టాండ్ వెనకున్న నడవాలో, మ్యాచ్ ముందు కాసేపు, హాఫ్‌టైమ్‌లో 15 నిమిషాలు. నేను కౌంటర్ పక్కన నిలబడి గమనించేవాణ్ణి. 40 నిమిషాలు దాటగానే చివరి వరసల్లో వాళ్లు లేస్తారు. విజిల్ పడేసరికి వరుస ఎదురుగోడకి తగులుతుంది. ఒక మనిషి బీరు పట్టి, ఇంకొకరు 'పై' వేడి చేసి, కార్డు యంత్రం ఒక్కసారి మొరాయించిందా, పది మంది వరుస వదిలి సీట్లకి వెళ్లిపోతారు. ముందే గ్లాసులు నింపి పెట్టుకోవడం, బీరుకి ఒక కౌంటర్, తిండికి ఒక కౌంటర్ విడదీయడం, నగదు ఆపేసి కార్డులకే పరిమితం కావడం. ఈ మూడూ చేశాక జనం అంతే ఉన్నా అమ్మకం కళ్లకి కనబడేంత పెరిగింది. టాటెన్‌హామ్ కొత్త స్టేడియంలో గ్లాసు అడుగు నుంచి బీరు నిండే యంత్రాలు పెట్టారంటే అది ఆర్భాటం కోసం కాదు, ఆ 15 నిమిషాల కోసం.

కానీ ఆ పెరిగిన అమ్మకం మా క్లబ్బుకి ఎంత మిగిల్చింది? చాలా తక్కువ. నేను చేరక ముందు, చేతిలో డబ్బు లేని రోజుల్లో, క్లబ్బు ఒక క్యాటరింగ్ కంపెనీ నుంచి ముందస్తుగా పెద్ద మొత్తం తీసుకుని చాలా ఏళ్లకి ఒప్పందం రాసిచ్చింది. అమ్మకంలో క్లబ్బుకి వచ్చే శాతం ఎంత జనం వచ్చినా అంతే. మేం పైకి లేస్తున్న సీజన్‌లో, వారం వారం జనం పెరుగుతుంటే, ఆ లాభం పక్కవాళ్ల పద్దులో పడటం చూడటం చాలా బాధగా ఉండేది. ఇప్పుడు నేను చదివే ప్రతి ఒప్పందంలో మొదట వెతికేది హాజరు పెరిగితే క్లబ్బు శాతం పెరిగే షరతు ఉందా లేదా అని.

ఒప్పందం చెడితే జనం కూడా పోతారు: కోవెంట్రీ

కోవెంట్రీ సిటీ 2005లో తన పాత హైఫీల్డ్ రోడ్ మైదానం వదిలి 32 వేల సీట్ల కొత్త స్టేడియంలోకి వెళ్లింది. డబ్బు ఇబ్బందుల్లో స్టేడియం కంపెనీలో తన సగం వాటాను అప్పటికే ఒక చారిటీకి అమ్మేసుకుంది. కాబట్టి కట్టాలని కలగన్న చోటే అద్దెకి దిగింది. అద్దె ఏడాదికి 12 లక్షల పౌండ్లకి పైగా. మ్యాచ్ రోజు తిండి అమ్మకాలు, కార్ పార్కింగ్ లాంటి ఆదాయం చేతికి రాదు. క్లబ్బు మూడో డివిజన్‌కి పడిపోయాక కూడా అదే అద్దె. 2012లో అద్దె కట్టడం ఆపేసింది, 2013లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. 2013-14 సీజన్ సొంత మ్యాచ్‌లు నార్తాంప్టన్‌లో ఆడింది. ఊరు వదిలి వెళ్లినందుకు నిరసనగా చాలామంది అభిమానులు వెళ్లడం మానేశారు, హాజరు రెండు వేల చిల్లరకి పడిపోయింది. 2014లో తిరిగి వచ్చింది, కొన్ని వారాలకే స్టేడియాన్ని ఒక రగ్బీ క్లబ్బు కొనేసింది. 2019 నుంచి రెండు సీజన్లు మళ్లీ బర్మింగ్‌హామ్‌లో. 2025 ఆగస్టులో క్లబ్బు యజమాని స్టేడియాన్ని కొన్నాకే ఇరవై ఏళ్ల అద్దె బతుకు ముగిసింది.

జనం ఎక్కువ ఉంటే మంచి ఒప్పందం అదే వస్తుందనుకునే వాళ్లకి నేను ఈ క్లబ్బు కథే చెబుతాను. అభిమానులు ఉన్నారు, స్టేడియం ఉంది. రెండింటినీ కలిపే కాగితం బాగాలేదు.

స్టేడియాన్ని అమ్మేసి గట్టెక్కుదామనుకునే వాళ్లూ ఉన్నారు. జర్మనీ క్లబ్బు బొరుస్సియా డార్ట్‌మండ్ 2002లో తన వెస్ట్‌ఫాలెన్ స్టేడియాన్ని ఒక పెట్టుబడి ఫండ్‌కి అమ్మి తిరిగి అద్దెకి తీసుకుంది. అద్దె భారమైంది, 2005 మార్చి 14న ఆ ఫండ్ ఇన్వెస్టర్లు సరేనని ఓటెయ్యబట్టి క్లబ్బు మూతపడకుండా బతికింది. 2006లో అప్పు చేసి మళ్లీ కొనుక్కుంది. యూరప్‌లోనే సగటున ఎక్కువమంది వచ్చే క్లబ్బుల్లో అదొకటి, 81 వేల మంది పడతారు. అంత జనం ఉండి కూడా ఆ గతి పట్టింది. ఇంగ్లాండ్‌లో డర్బీ కౌంటీ 2018లో స్టేడియాన్ని తన యజమాని కంపెనీకే 8 కోట్ల పౌండ్లకి అమ్మి ఆ ఏడాది లాభం చూపించింది. 2021లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అమ్మకం ఒక్క ఏడాది ఆదాయం, అద్దె ప్రతి ఏడాది ఖర్చు.

సొంతంగా కట్టుకుంటే అంతా సుఖమేనా?

కాదు. ఎమిరేట్స్‌కి 39 కోట్ల పౌండ్లు అయింది. ఆ డబ్బు కోసం ఆర్సెనల్ షర్టు మీది ప్రకటన, స్టేడియం పేరు కలిపి 2004లోనే ఎమిరేట్స్ ఎయిర్‌లైన్స్‌కి 10 కోట్ల పౌండ్లకి ఏళ్ల తరబడి రాసిచ్చింది. తర్వాత మార్కెట్లో స్పాన్సర్‌షిప్ ధరలు ఎగబాకినా క్లబ్బు పాత ధరకే కట్టుబడి ఉండాల్సి వచ్చింది. ఫాబ్రెగాస్, నస్రీ, వాన్ పెర్సీ వరసగా వెళ్లిపోయిన రోజులు ఆర్సెనల్ అభిమానులకి ఇప్పటికీ గుర్తే. స్టేడియం అప్పు ఒక్కటే కారణం అనను, కానీ ఆ ఏళ్లలో క్లబ్బు చేతులు కట్టేసిన వాటిలో అదొకటి.

టాటెన్‌హామ్ స్టేడియం 2019 ఏప్రిల్‌లో తెరిచారు, ఖర్చు సుమారు 100 కోట్ల పౌండ్లు. ఏడాది తిరగకుండానే కోవిడ్ వచ్చి గేట్లు మూతపడ్డాయి. 2020 జూన్‌లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ పథకం కింద 17.5 కోట్ల పౌండ్లు అప్పు తీసుకోవాల్సి వచ్చింది. మ్యాచ్‌డే మీద ఎక్కువ ఆధారపడితే ఉండే రిస్క్ ఆ ఏడాది అందరికీ అర్థమైంది. మాంచెస్టర్ యునైటెడ్ మ్యాచ్‌డే ఆదాయం 2018-19లో 11 కోట్ల పౌండ్లు దాటింది, ఖాళీ స్టాండ్ల ఏడాది 2020-21లో 71 లక్షలు.

అయినా టాటెన్‌హామ్ ఒప్పందాన్ని నేను మెచ్చుకుంటాను. అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌ల కోసం ఎన్‌ఎఫ్‌ఎల్‌తో పదేళ్ల ఒప్పందం కట్టడం పూర్తవకముందే కుదుర్చుకున్నారు. గడ్డి పిచ్ పక్కకి జరిగితే కింద వాళ్ల కోసం వేరే పిచ్ ఉంటుంది. కచేరీలు, బాక్సింగ్ సరేసరి. లీగ్ మ్యాచ్‌లు సొంతగడ్డ మీద ఏడాదికి 19 మాత్రమే. మిగతా రోజుల ఆదాయం ఎవరిదన్నదే సొంత స్టేడియానికీ, అద్దె స్టేడియానికీ అసలు తేడా. అందులోనూ ఊరివాళ్లు ఒప్పుకోవాలి. రియల్ మాడ్రిడ్ తన బెర్నబ్యూ స్టేడియాన్ని అంత ఖర్చుతో తిరిగి కట్టుకున్నాక, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు శబ్దం భరించలేమని ఫిర్యాదు చేయడంతో 2024లో కచేరీలు ఆపాల్సి వచ్చింది.

మరి టీవీ డబ్బు?

టీవీ డబ్బు ముందు జనం లెక్కలోకి రారేమో అన్న మీ అనుమానం, ప్రీమియర్ లీగ్‌లో (ఇంగ్లాండ్ పై డివిజన్) చిన్న క్లబ్బు విషయంలో నిజమే. బోర్న్‌మత్ స్టేడియంలో 11 వేల చిల్లర సీట్లు. 2016-17లో దాని ఆదాయంలో పదింట తొమ్మిది వంతులకి దగ్గరగా టీవీ డబ్బే. గేటు సగం ఖాళీగా ఉన్నా ఆ ఏడాది బతికేసేది. కానీ కింది డివిజన్‌కి పడితే ఆ డబ్బు మెల్లగా పోతుంది, మిగిలేది గేటే. స్కాట్లాండ్‌లో సెల్టిక్‌కి టీవీ నుంచి వచ్చేది కొద్దిగా, 60 వేల మంది జనమే దాని బలం. పై స్థాయిలో పెద్ద క్లబ్బులకి టీవీ డబ్బు ఇంచుమించు సమానంగా వస్తుంది కాబట్టి, ఒకరికంటే ఒకరు ముందుకెళ్లేది మ్యాచ్‌డే, వాణిజ్య ఆదాయాలతోనే. ఇంకో విషయం, ప్రీమియర్ లీగ్ నష్టాల నిబంధనల్లో (క్లబ్బు ఎంతవరకు నష్టపోవచ్చో చెప్పేవి) స్టేడియం మీద పెట్టిన ఖర్చుని లెక్కలోంచి మినహాయిస్తూ వచ్చారు. ఆటగాళ్ల మీద పెట్టలేని డబ్బు కూడా కట్టడం మీద పెట్టొచ్చు.

సీటు నుంచి పిండగలిగినంతా పిండాలని మాత్రం నేను చెప్పను. డార్ట్‌మండ్ దక్షిణ స్టాండ్‌లో సుమారు 25 వేల మంది నిలబడి చూస్తారు, తక్కువ ధరకి. అక్కడ సీట్లు, బాక్సులు వేస్తే గేటు వసూళ్లు పెరుగుతాయి. క్లబ్బు వేయదు. పసుపు చొక్కాల జనంతో నిండే ఆ గోడని చూడటానికే ప్రపంచం టీవీ పెడుతుంది, స్పాన్సర్లు వస్తారు. ఆ స్టాండ్ ఆదాయం టికెట్ల వరసలో తక్కువగా, వేరే వరసల్లో ఎక్కువగా కనబడుతుంది. నా ఉద్దేశంలో అది యూరప్‌లోనే తెలివైన నిర్ణయాల్లో ఒకటి.

మన దగ్గరి సంగతి

మీరు హైదరాబాద్ నుంచి అడిగారు కాబట్టి ఇదీ చెప్పాలి. ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) క్లబ్బులు చాలావరకు ప్రభుత్వ స్టేడియాల్లో ఆడతాయి. కేరళ బ్లాస్టర్స్ ఆడే కొచ్చి స్టేడియం అక్కడి అభివృద్ధి సంస్థది. 2017 అండర్-17 ప్రపంచకప్పు కోసం భద్రతా కారణాలతో సీట్లు 29 వేలకి పరిమితం చేశారు. ఎంత అభిమానం ఉన్నా పై హద్దు క్లబ్బు చేతిలో ఉండదు.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుణె క్లబ్బు స్థానంలో వచ్చి గచ్చిబౌలిలో ఒక్క సీజన్ ఆడింది. తర్వాత రెండు సీజన్లు కోవిడ్ వల్ల గోవాలోనే. 2022 మార్చిలో ఛాంపియన్ అయింది, అదీ గోవాలోనే, ఎదురు స్టాండ్లలో ఎటు చూసినా కేరళ పసుపు చొక్కాలు. జట్టు ఛాంపియన్‌గా ఎదిగిన ఆ రెండేళ్లూ సొంత ఊరి జనానికి స్టేడియంలో కూర్చుని చూసే అవకాశం లేదు. తర్వాత డబ్బు కష్టాలు, 2025లో యాజమాన్యం మారి క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. 1950ల్లో రహీం సాబ్ శిక్షణలో దేశానికే ఆట నేర్పిన ఊరికి ఇప్పుడు పై లీగ్‌లో క్లబ్బు లేకపోవడం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

రేపు ఎవరైనా మళ్లీ హైదరాబాద్‌లో క్లబ్బు పెడతామంటే మొదట ఏ ఆటగాణ్ణి కొంటున్నారని అడగకండి. గచ్చిబౌలి ఎన్నేళ్లకి రాయించుకున్నారు, క్యాంటీన్, పార్కింగ్ డబ్బు ఎవరిది, మ్యాచ్ లేని రోజుల్లో స్టేడియం తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి అని అడగండి. ఏడాదికి పది పన్నెండు సొంత మ్యాచ్‌ల గేటు మీద ఏ క్లబ్బూ నడవదు.